దృష్టి మళ్లించే వెబ్‌సైట్లకు గట్టి తాళం వేసుకోవడం ఎలా: సమగ్ర మార్గదర్శి

"బ్లాకర్ (సైట్లు తెరుచుకోకుండా ఆపే సాఫ్ట్‌వేర్) పెట్టుకున్నాం, రెండు రోజులకే తీసేశాం, ఇంకా గట్టిది ఏదైనా ఉందా?" అని చాలామంది అడుగుతున్నారు. చాలాసార్లు బ్లాకర్‌లో లోపం ఉండదు. తాళం వేసినవాళ్ల జేబులోనే తాళంచెవి ఉంటోంది, అసలు సమస్య అదే. అందుకే ఈ మార్గదర్శిలో ఏ సాఫ్ట్‌వేర్ మంచిదన్న చర్చ కంటే తాళంచెవిని మీ చేతికి అందకుండా ఎలా పెట్టాలన్న దానికే ఎక్కువ చోటు ఇచ్చాం.

గ్రూప్స్, డీఎస్సీ, గేట్ లాంటి పరీక్షలకు చదివేవాళ్లనూ, ఇంటి నుంచి పనిచేసేవాళ్లనూ దృష్టిలో పెట్టుకున్నాం. ప్రధానంగా విండోస్ ల్యాప్‌టాప్, ఆండ్రాయిడ్ ఫోన్ గురించి చెబుతాం. ఐఫోన్, మ్యాక్ వాడేవాళ్లకు 7వ భాగం ఉంది. కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే 4, 8 భాగాల జోలికి వెళ్లకండి, అక్కడ అకౌంట్లు, సిస్టమ్ ఫైళ్లు ఐటీ విభాగం చేతిలో ఉంటాయి.

సెట్టింగ్స్ పేర్లూ సైట్ల పేర్లూ ఇక్కడ పలికినట్టు తెలుగులో రాశాం. కంప్యూటర్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి.

1. ముందు మూడు రోజుల లెక్క తీయండి

ఏమీ బ్లాక్ చేయకుండా మూడు రోజులు మామూలుగా ఉండండి. నాలుగో రోజు ఉదయం ఇవి చూడండి:

- ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే హిస్టరీ వస్తుంది. ఏ సైట్ ఎక్కువసార్లు కనిపిస్తోందో, ఏ గంటలో కనిపిస్తోందో రాసుకోండి.
- ఫోన్‌లో సెట్టింగ్స్ → డిజిటల్ వెల్‌బీయింగ్ → డ్యాష్‌బోర్డ్. యాప్ వారీగా నిమిషాలు ఉంటాయి. ఆండ్రాయిడ్ 9, ఆ తర్వాతి వెర్షన్ ఉన్న చాలా ఫోన్లలో ఇది ఉంటుంది.

సైట్ పేరు కంటే గంట ముఖ్యం. మధ్యాహ్నం భోజనం తర్వాత రెండు నుంచి మూడున్నర వరకే జారిపోతున్నవాళ్లు రోజంతా తాళం వేసుకుంటే అనవసరంగా చిరాకు పడతారు. ఆ చిరాకులోనే మొత్తం తీసి పారేస్తారు.

2. సైట్లను మూడు కుప్పలుగా విడదీయండి

మొదటి కుప్ప: చదువుకీ పనికీ ఎప్పుడూ అక్కర్లేనివి. ఇన్‌స్టాగ్రామ్, క్రికెట్ స్కోర్ల సైట్లు, సినిమా కబుర్లు, ఆఫర్ల సమయంలో షాపింగ్ సైట్లు. వీటిని పూర్తిగా మూసేయొచ్చు.

రెండో కుప్ప: అటు పనికీ ఇటు కాలక్షేపానికీ వాడేవి. యూట్యూబ్‌లో క్లాసులు ఉంటాయి. టెలిగ్రామ్‌లో కరెంట్ అఫైర్స్ పీడీఎఫ్‌లు వస్తాయి. వాట్సాప్‌లో ఆఫీసు గ్రూపు ఉంటుంది. వార్తా సైట్లలో సంపాదకీయాలు చదవాలి. వీటికి వేళలు పెట్టాలి తప్ప పూర్తిగా మూయకూడదు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే: క్లాసు కోసం యూట్యూబ్ తెరవక తప్పదు, ఆ ఒక్క అవసరం కోసం తాళం మొత్తం తీస్తారు, తిరిగి వేయరు.

మూడో కుప్ప: ఎట్టి పరిస్థితుల్లోనూ ముట్టుకోకూడనివి. బ్యాంకు, యూపీఐ, ఈమెయిల్, డిజిలాకర్, టీజీపీఎస్సీ, ఏపీపీఎస్సీ లాంటి నియామక సంస్థల సైట్లు, కాలేజీ పోర్టల్. హాల్‌టికెట్ డౌన్‌లోడ్ చేసుకోవాల్సిన రోజున తాళం అడ్డొస్తే ఇక దాన్ని మీరే నమ్మరు.

మొదటి కుప్పలో పది సైట్లకు మించి పెట్టకండి. వంద సైట్ల జాబితాలు నెట్‌లో దొరుకుతాయి గానీ మీ సమయం తినేవి నాలుగైదే ఉంటాయి.

3. తాళంచెవి పట్టే మనిషిని ఎంచుకోండి

అక్క, భార్య లేదా భర్త, రూమ్మేట్, స్నేహితుడు, ఎవరైనా సరే. రెండు అర్హతలు ఉంటే చాలు: అడగ్గానే ఇవ్వని మనిషి కావాలి, ఇవ్వనందుకు మీరు గొడవపడని మనిషి కావాలి. చిన్న తమ్ముడికి ఇస్తే రెండో రోజే బతిమాలి తీసేసుకుంటారు.

ఆ మనిషికి ముందే చెప్పాల్సినవి:

- అడిగిన రోజున పాస్‌వర్డ్ (8వ భాగంలో పెట్టే అడ్మిన్ పాస్‌వర్డ్ లాంటిది) ఇవ్వొద్దు, మర్నాడు ఉదయం ఇవ్వాలి. నిజమైన అవసరం మర్నాటికీ ఉంటుంది, ఆవేశం ఉండదు.
- ప్రింటర్ డ్రైవర్, పరీక్ష సాఫ్ట్‌వేర్ లాంటివి ఇన్‌స్టాల్ చేయాలంటే స్వయంగా వచ్చి టైప్ చేసి వెళ్లాలి, పాస్‌వర్డ్ చెప్పకూడదు.
- పాస్‌వర్డ్ కాగితం మీద రాసి, కవర్‌లో పెట్టి అంటించి దాచాలి. వాట్సాప్‌లో మీకు పంపుకుని డిలీట్ చేయడం లాంటివి వద్దు.

ఎవరూ లేరనుకుంటే, పాస్‌వర్డ్‌ను జీమెయిల్‌లో ఫలానా తేదీకి వచ్చేలా షెడ్యూల్ చేసుకుంటామని కొందరు అంటారు. అది పనిచేయదు. షెడ్యూల్డ్ ఫోల్డర్ తెరిస్తే మెయిల్ అక్కడే కనిపిస్తుంది. అంతకంటే పాస్‌వర్డ్ కాగితాన్ని రోజూ వెళ్లని చోట పెట్టడం మేలు. హాస్టల్‌లో ఉంటే సొంతూరి ఇంట్లో బీరువా సరిపోతుంది.

4. ల్యాప్‌టాప్‌లో హోస్ట్స్ ఫైల్: మొదటి కుప్పకు

హోస్ట్స్ అనేది విండోస్‌లో ముందునుంచే ఉండే చిన్న ఫైల్. సైట్ పేరుకు అడ్రస్ వెతికేటప్పుడు కంప్యూటర్ ముందు దీన్నే చూస్తుంది. ఇక్కడ తప్పుడు అడ్రస్ రాస్తే క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ మూడింటిలోనూ, హిస్టరీ దాచుకోని ఇన్‌కాగ్నిటో కిటికీలో కూడా సైట్ తెరుచుకోదు. డబ్బు ఖర్చు లేదు, ఇన్‌స్టాల్ చేయాల్సిందీ లేదు.

- స్టార్ట్ మెనూలో నోట్‌ప్యాడ్ అని వెతికి, దానిపై రైట్ క్లిక్ చేసి "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్" ఎంచుకోండి. ఇది మరిచిపోతే చివర్లో సేవ్ కాదు.
- ఫైల్ → ఓపెన్. సీ డ్రైవ్ → విండోస్ → సిస్టమ్32 → డ్రైవర్స్ → ఈటీసీ ఫోల్డర్‌కు వెళ్లండి.
- ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తే కంగారు పడకండి. కింద కుడివైపు "టెక్స్ట్ డాక్యుమెంట్స్" అని ఉన్నచోట "ఆల్ ఫైల్స్" ఎంచుకుంటే హోస్ట్స్ కనిపిస్తుంది.
- మార్చేముందు ఆ ఫైల్‌ను కాపీ చేసి డెస్క్‌టాప్‌పై పెట్టుకోండి.
- ఉన్న వరుసలను ముట్టుకోకుండా అన్నిటికంటే కింద కొత్త వరుసలో 0.0.0.0 అని కొట్టి, ఒక ఖాళీ ఇచ్చి, సైట్ పేరు రాయండి.
- ప్రతి సైట్‌కూ కనీసం రెండు వరుసలు కావాలి: పేరు ముందు డబ్ల్యూ డబ్ల్యూ డబ్ల్యూ డాట్ ఉన్నది ఒకటి, లేనిది ఒకటి. మొబైల్ రూపం ఉన్న సైట్లకు ముందు "ఎం డాట్" పెట్టి మూడో వరుస.
- ముందు హెచ్‌టీటీపీఎస్, వెనక స్లాష్ రాయకూడదు. నక్షత్రం గుర్తు పెట్టి "అన్నీ" అని చెప్పే వీలు ఈ ఫైల్‌లో లేదు.
- కంట్రోల్, ఎస్‌తో సేవ్ చేసి, కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి.

సేవ్ యాజ్ వాడితే ఫైల్ పేరు చివర టీఎక్స్‌టీ చేరొచ్చు, అలా చేరిన ఫైల్‌ను విండోస్ పట్టించుకోదు. "అన్నీ రాశాం, అయినా సైట్ తెరుచుకుంటోంది" అనేవాళ్లు ముందు చూడాల్సింది ఇదే.

హోస్ట్స్ ఫైల్‌కు వేళలు తెలియవు, సైట్‌లో ఒక భాగాన్ని మాత్రమే ఆపడమూ తెలియదు. అందుకే రెండో కుప్పకు ఇది పనికిరాదు.

5. లీచ్‌బ్లాక్: వేళల ప్రకారం తాళం

లీచ్‌బ్లాక్ ఎన్‌జీ ఉచిత ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్), క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్‌లకు దొరుకుతుంది. మీ ల్యాప్‌టాప్‌లో ఎన్ని బ్రౌజర్లు ఉన్నాయో అన్నిటిలోనూ పెట్టాలి. క్రోమ్‌లో మాత్రమే పెట్టి ఎడ్జ్‌ను వదిలేస్తే మీ వేలు తానే ఎడ్జ్ మీదికి వెళ్తుంది. వాడని బ్రౌజర్లను తీసేయడం ఇంకా సులువు.

- ఆప్షన్స్ తెరిచి మొదటి బ్లాక్ సెట్‌లో రెండో కుప్పలోని సైట్ పేర్లు ఒక్కో వరుసకు ఒకటి రాయండి.
- ఎప్పుడు బ్లాక్ చేయాలన్న చోట వేళలు ఇలా రాయాలి: 0600-1000,1400-1800. నాలుగు అంకెలు, మధ్యలో గీత, వేళకూ వేళకూ మధ్య కామా. మీ మూడు రోజుల లెక్కలో ఏ గంటలు తేలాయో అవే పెట్టండి.
- కింద వారంలోని రోజులు ఎంచుకోండి. ఆదివారం వదిలేయడం మంచిదే.
- పూర్తిగా మూయక్కర్లేని వార్తా సైట్ల లాంటివాటికి రెండో సెట్ పెట్టి, వేళల బదులు రోజుకు 20 నిమిషాలు అని పరిమితి ఇవ్వండి.
- బ్లాక్ అయినప్పుడు ఏ పేజీ చూపాలో కూడా మీరే ఇవ్వొచ్చు. సిలబస్ ఉన్న పేజీ లింకు అక్కడ పెట్టండి.
- బ్లాక్ ఉన్న సమయంలో ఆప్షన్స్ తెరవకుండా ఆపే గడినీ, బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్స్ పేజీ తెరవకుండా ఆపే గడినీ టిక్ చేయండి.
- చివరగా బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్స్ పేజీలో లీచ్‌బ్లాక్ వివరాలు తెరిచి "అలౌ ఇన్ ఇన్‌కాగ్నిటో" ఆన్ చేయండి. ఎడ్జ్‌లో ఇదే "ఇన్‌ప్రైవేట్" పేరుతో ఉంటుంది.

ఎక్స్‌టెన్షన్ తాళం బలహీనమైనదే అని తెలిసే వాడాలి. క్రోమ్‌లో దాని గుర్తుపై రైట్ క్లిక్ చేసి తీసేయొచ్చు. చేయి అలవాటుగా వెళ్లే క్షణాన్ని ఆపడమే దాని పని, అది బాగానే చేస్తుంది. తెగించి తీసేసేవాళ్లకు విండోస్‌లో కోల్డ్ టర్కీ బ్లాకర్ మేలు. అది బ్రౌజర్ బయట ప్రోగ్రామ్‌గా నడుస్తుంది, టైమర్ పెట్టి లాక్ చేస్తే గడువు ముగిసేదాకా ఆపడం చాలా కష్టం. కొన్ని సౌకర్యాలకు డబ్బు కట్టాలి, ఉచిత రూపంతో మొదలుపెట్టి చూడండి. మొదటిసారి 30 నిమిషాలకు మించి లాక్ చేయకండి. జాబితాలో పొరపాటున ఈమెయిల్ చేరి ఉంటే రోజంతా ఇరుక్కుంటారు.

6. యూట్యూబ్, ఫోన్: ఎక్కువ ఓపిక కావాల్సిన చోట

యూట్యూబ్‌ను మూసే ముందు దాన్ని ఖాళీ చేయండి. గూగుల్ అకౌంట్‌లో యూట్యూబ్ వాచ్ హిస్టరీని ఆఫ్ చేసి, పాత హిస్టరీని కూడా తుడిచేస్తే, 2023 ఆగస్టు నుంచి వచ్చిన మార్పు ప్రకారం హోమ్ పేజీలో సిఫార్సు వీడియోలు రావు, వెతికే గడి మాత్రమే ఉంటుంది. హిస్టరీ ఆపి పాతది ఉంచేస్తే సిఫార్సులు వస్తూనే ఉంటాయి, రెండూ చేయాలి. ల్యాప్‌టాప్‌లో అన్‌హుక్ అనే ఎక్స్‌టెన్షన్ పెడితే షార్ట్స్, పక్కన వచ్చే వీడియోల వరుస, కామెంట్లు కనిపించకుండా పోతాయి.

క్లాసుల ప్లేలిస్ట్ లింకులను బుక్‌మార్క్ బార్‌లో పెట్టుకోండి. వెతికే పని లేకపోతే దారి తప్పే అవకాశం సగం పోతుంది. ఆటోప్లే ఆపడం మరవకండి.

ఇక ఫోన్. ముందే చెప్పాలి: ఆండ్రాయిడ్‌లో మీ ఫోన్ మీకు పూర్తిగా తాళం వేయదు. ఎంత పెట్టినా సెట్టింగ్స్‌లోకి వెళ్లి తీసే దారి ఒకటి మిగులుతుంది. కాబట్టి అడ్డంకులను ఒకదానిపై ఒకటి పేర్చాలి.

మొదటి అడ్డంకి: మొదటి కుప్పలోని యాప్‌లు అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ఫోన్‌తోపాటే వచ్చి పోనివాటికి డిసేబుల్ ఉంటుంది. యూట్యూబ్ యాప్‌ను కూడా డిసేబుల్ చేసి, క్లాసులు ల్యాప్‌టాప్‌లోనే చూడండి.

రెండో అడ్డంకి: యాప్ పోయాక అదే సైట్‌ను ఫోన్ బ్రౌజర్‌లో తెరుస్తారు. దానికి ప్రైవేట్ డీఎన్ఎస్. సైట్ పేరుకు అడ్రస్ వెతికిపెట్టే సేవ డీఎన్ఎస్, ఫోన్‌లో ఆ సేవను మనం ఎంచుకున్నదానికి మార్చే సెట్టింగ్ ఇది.

- తాళంచెవి పట్టే మనిషి ఈమెయిల్‌తో నెక్స్ట్‌డీఎన్ఎస్ అనే సేవలో (మనం చెప్పిన సైట్లను ఆపే డీఎన్ఎస్) అకౌంట్ తెరిపించండి. పాస్‌వర్డ్ వాళ్లదే.
- డినైలిస్ట్‌లో (ఆపాల్సిన సైట్ల జాబితా) సైట్ పేర్లు చేర్చండి. పేరెంటల్ కంట్రోల్ భాగంలో పేరున్న సైట్లను ఒక్క నొక్కుతో చేర్చొచ్చు, రోజువారీ సడలింపు వేళ కూడా అక్కడే పెట్టొచ్చు.
- సెటప్ పేజీలో ప్రైవేట్ డీఎన్ఎస్ కోసం ఇచ్చిన పేరును కాపీ చేయండి.
- ఫోన్ సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ అని వెతికి, ప్రొవైడర్ పేరు అడిగే చోట అది అతికించండి. వైఫైకీ మొబైల్ డేటాకీ రెండింటికీ వర్తిస్తుంది.

నెలకు 3,00,000 డీఎన్ఎస్ ప్రశ్నల వరకు ఉచితం. దాటితే నెట్ నడుస్తూనే ఉంటుంది గానీ బ్లాకింగ్ ఆగిపోతుంది. ఇంట్లో అందరి ఫోన్లకూ ఒకే అకౌంట్ పెడితే నెల చివర్లో తాళం ఊడిపోవడానికి కారణం ఇదే.

మూడో అడ్డంకి: యాప్‌బ్లాక్ లాంటి యాప్‌లో స్ట్రిక్ట్ మోడ్. ఇది సెట్టింగ్స్ తెరవడాన్నీ, తనను తాను తీసేయడాన్నీ ఆ వేళల్లో అడ్డుకుంటుంది. ప్లే స్టోర్ నుంచే తీసుకోండి. యాక్సెసిబిలిటీ అనుమతి (తెరపై ఏముందో ఆ యాప్‌ను చూడనిచ్చేది) అడుగుతుంది, కొన్ని బ్యాంకు యాప్‌లు ఆ అనుమతి ఆన్‌లో ఉంటే తెరుచుకోవు. మీ బ్యాంకు యాప్ తెరిచి చూసుకున్నాకే స్ట్రిక్ట్ మోడ్ వేయండి.

అన్నిటికంటే పనిచేసేది మాత్రం ఫోన్‌ను వేరే గదిలో పెట్టడమే. ఇంటి నుంచి ఫోన్ వస్తుందేమో అన్న బెంగ ఉంటే రెండో సిమ్‌తో కీప్యాడ్ ఫోన్ పక్కన ఉంచుకుని ఆ నంబర్ ఇంట్లో ఇవ్వండి. ఉన్న సిమ్‌నే తీసి మార్చకండి, యూపీఐ యాప్‌లు మళ్లీ రిజిస్టర్ చేయమని అడగొచ్చు.

7. ఐఫోన్, మ్యాక్

ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ సరిపోతుంది. కంటెంట్ అండ్ ప్రైవసీ రిస్ట్రిక్షన్స్‌లో వెబ్ కంటెంట్‌కు వెళ్లి "లిమిట్ అడల్ట్ వెబ్‌సైట్స్" ఎంచుకుంటే, కింద "నెవర్ అలౌ" అనే చోట మీ సైట్లు చేర్చొచ్చు. స్క్రీన్ టైమ్ పాస్‌కోడ్‌ను తాళంచెవి మనిషి టైప్ చేయాలి. పాస్‌కోడ్ మరిచిపోతే తిరిగి పొందడానికి ఆపిల్ అకౌంట్ అడుగుతుంది, అక్కడ మీ అకౌంట్ ఇస్తే తాళం మళ్లీ మీ చేతికే వస్తుంది. యాప్ లిమిట్స్ పెట్టినప్పుడు "బ్లాక్ ఎట్ ఎండ్ ఆఫ్ లిమిట్" ఆన్ చేయండి, లేకపోతే దాటవేసే బటన్ వస్తుంది.

మ్యాక్‌లో సెల్ఫ్‌కంట్రోల్ ఉచితం. జాబితా ఇచ్చి, సమయం పెట్టి మొదలుపెడితే రీస్టార్ట్ చేసినా, యాప్‌ను తొలగించినా గడువు దాకా తెరుచుకోదు.

8. చివరి తాళం: అడ్మిన్ అకౌంట్ అప్పగించడం

4, 5 భాగాలు పూర్తిచేసి మూడు రోజులు వాడి చూడండి. జాబితాలో తప్పులన్నీ ఆ మూడు రోజుల్లోనే బయటపడతాయి. ఆ తర్వాతే ఇది చేయాలి. అడ్మిన్ (అడ్మినిస్ట్రేటర్) అకౌంట్ అంటే సిస్టమ్ ఫైళ్లు, సెట్టింగ్స్ మార్చే అధికారం ఉన్నది, స్టాండర్డ్ యూజర్‌కు ఆ అధికారం ఉండదు.

- ముందు మీ ఫైళ్ల బ్యాకప్, బిట్‌లాకర్ రికవరీ కీ (విండోస్ డిస్క్‌కు వేసిన తాళం తెరిచే సంఖ్య) భద్రంగా ఉన్నాయో చూసుకోండి.
- సెట్టింగ్స్ → అకౌంట్స్ → అదర్ యూజర్స్ → యాడ్ అకౌంట్. మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేకుండా యూజర్‌ను చేర్చే లింకు ఎంచుకోండి.
- పాస్‌వర్డ్ తాళంచెవి మనిషి టైప్ చేయాలి. తర్వాత వచ్చే మూడు భద్రతా ప్రశ్నలకు జవాబులు కూడా వాళ్లే, మీరు ఊహించలేనివి ఇవ్వాలి. ఆ జవాబులతో పాస్‌వర్డ్ మార్చేయొచ్చు. మీ పెంపుడు కుక్క పేరు అక్కడ ఉంటే తాళం వేసినట్టు కాదు.
- కొత్త అకౌంట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా మార్చి, ఒకసారి దానిలోకి లాగిన్ అయి పనిచేస్తోందని చూడండి.
- అదే అకౌంట్‌లో ఉండి, మీ పాత అకౌంట్‌ను స్టాండర్డ్ యూజర్‌గా మార్చండి.

ఈ వరుస తప్పకూడదు. కొత్త అడ్మిన్ పనిచేస్తోందో లేదో చూడకుండా మీ అకౌంట్‌ను తగ్గిస్తే ల్యాప్‌టాప్‌లో ఇక అడ్మినే మిగలకుండా పోయే ప్రమాదం ఉంది.

ఇప్పుడు హోస్ట్స్ ఫైల్ మీరు మార్చలేరు, సిస్టమ్ గడియారాన్ని ముందుకు జరిపి టైమర్‌ను మోసం చేయలేరు. టైమ్ జోన్ మాత్రం స్టాండర్డ్ యూజర్ కూడా మార్చగలరు, దానితో లీచ్‌బ్లాక్ వేళలు తారుమారవుతాయి. మొదటి కుప్పను లీచ్‌బ్లాక్‌కు వదలకుండా హోస్ట్స్‌లో పెట్టమన్నది ఇందుకే.

9. పరీక్షించుకునే జాబితా

☐ మొదటి కుప్పలోని ప్రతి సైట్‌నూ ప్రతి బ్రౌజర్‌లో తెరిచి చూశాను
☐ ఇన్‌కాగ్నిటోలో కూడా చూశాను
☐ ఫోన్‌లో వైఫై ఆపి మొబైల్ డేటాతో చూశాను
☐ బ్యాంకు, ఈమెయిల్, నియామక సంస్థల సైట్లు తెరుచుకుంటున్నాయి
☐ ఓటీపీలు వస్తున్నాయి
☐ తాళాన్ని దాటవేసే వీపీఎన్ యాప్‌లు, వీపీఎన్ ఎక్స్‌టెన్షన్లు తీసేశాను
☐ పాస్‌వర్డ్ నా ఫోన్‌లో, మెయిల్‌లో, నోట్‌బుక్‌లో ఎక్కడా లేదు

10. తాళం ఊడిపోయే చోట్లు, వాటికి మందు

రౌటర్‌లో బ్లాక్ చేశాం, పనిచేయడం లేదు. చాలా ఇంటి రౌటర్లలోని యూఆర్ఎల్ ఫిల్టర్ హెచ్‌టీటీపీఎస్ సైట్లను ఆపలేదు. పైగా మొబైల్ డేటాకు మారితే అది అసలు వర్తించదు, ఇంట్లో మిగతావాళ్లకూ ఇబ్బంది. దాన్ని వదిలేయండి.

ప్రైవేట్ డీఎన్ఎస్ పెట్టాక ఫోన్ బ్రౌజర్‌లో సైట్ ఇంకా వస్తోంది. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో "యూజ్ సెక్యూర్ డీఎన్ఎస్" కింద వేరే ప్రొవైడర్ ఎంచుకుని ఉంటే బ్రౌజర్ మీ డీఎన్ఎస్‌ను దాటిపోతుంది. ఆటోమేటిక్‌కు మార్చండి.

కాలేజీలో, స్టేషన్‌లో వైఫై లాగిన్ పేజీ రావడం లేదు. ప్రైవేట్ డీఎన్ఎస్ ఉన్నప్పుడు ఇలా జరుగుతుంది. ఆటోమేటిక్‌కు మార్చి, లాగిన్ అయ్యాక తిరిగి పెట్టాలి. ఆ "తిరిగి పెట్టడం" మరిచిపోకుండా ఫోన్‌లో పది నిమిషాలకు అలారం పెట్టుకున్నాకే మార్చండి.

ఫోన్ బ్లాకర్ యాప్ రెండు గంటలకోసారి తనంతట తానే ఆగిపోతోంది. షావోమీ, రియల్‌మీ, వివో, ఒప్పో ఫోన్లలో బ్యాటరీ ఆదా కోసం వెనక నడిచే యాప్‌లను ఆపేస్తుంటాయి. ఆ యాప్ వివరాల్లో ఆటోస్టార్ట్ ఆన్ చేసి, బ్యాటరీని "నో రిస్ట్రిక్షన్స్"కు మార్చండి.

పాత సైట్ మూసుకుంది, చేయి కొత్త సైట్‌కు వెళ్తోంది. మొదటి వారంలో ఇది అందరికీ జరుగుతుంది. వచ్చిన ప్రతి కొత్త పేరునూ వెంటనే బ్లాక్ చేస్తూ పోతే సగం రోజు దానికే పోతుంది. టేబుల్ మీద ఒక కాగితం పెట్టి, చూడాలనిపించినదాన్ని దాని మీద రాసి పనిలోకి వెళ్లండి. సాయంత్రం సడలింపు వేళలో ఆ కాగితం ముందు పెట్టుకుని చూడండి. ఆదివారం జాబితా తీసి, వారంలో మూడు రోజులు కనిపించిన సైట్‌ను మాత్రమే తాళంచెవి మనిషితో హోస్ట్స్‌లో చేర్పించండి.